ఆనుకోవడానికో వీపు

రండి, దగ్గరికి జరగండి. చాప చివరన కూర్చున్నవాళ్ళు కూడా ముందుకు రండి. గోడకు ఆనుకున్న పెద్దవాళ్ళు మాత్రం కదలక్కర్లేదు, మీకు ఆ గోడ కావాలి. ఈ పూట కరెంటు లేదు, మైకు లేదు. ఒక రకంగా మంచిదే, ఇప్పుడు నేను చెప్పబోయేది మైకులో చెప్పే మాట కాదు. మన వర్ధనం అయ్యగారు మన మధ్య ఉన్న రోజుల్లో జరిగిన సంగతి ఇది. మీలో కొందరు కళ్ళారా చూశారు. చూసినవాళ్ళు నేనెక్కడైనా తప్పితే దిద్దండి, చూడనివాళ్ళు వినండి.

వర్ధనం అయ్యగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. కళ్ళద్దాలు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకుని "నడుద్దాం పద" అనేవారు. ఆ నడక ఎవరో ఒకరి గుమ్మం ముందు ఆగేది. జవాబు ఆ ఇంట్లో ఉండేది. నలభై ఏళ్ళు ఈ రాతిపలకలు కోసే ఊళ్ళో సంఘకాపరిగా ఉండి, బాధ్యత అప్పగించి ఇంటి పట్టున కూర్చున్నాక కూడా ఆయనకు ఆ అలవాటు పోలేదు.

ఆయన తర్వాత వచ్చినవాడు ఫిలేమోను. అప్పటికి ముప్పై కూడా నిండలేదు. మంచి చదువు, మంచి గొంతు. రెండు గంటలు మంచినీళ్ళు తాగకుండా దేవుని వాక్యం చెప్పగలడు. గుళ్ళోకి కీబోర్డు వచ్చింది, వెనక గోడ మీద పెద్ద తెర వచ్చింది, ఆదివారం ఆరాధన ఫోన్లలో లైవ్ పోవడం మొదలైంది. నవ్వకండి. ఆ తెర బిగించిన రోజు చప్పట్లు కొట్టింది మనమే. అయితే ఒక మాట చెప్పాలి, ఆ కుర్రవాడిలో గర్వం లేదు. ప్రతి శనివారం మధ్యాహ్నం నోటుపుస్తకం పట్టుకుని వర్ధనం అయ్యగారి వసారాలో కింద కూర్చునేవాడు. కుర్చీ వేసినా వద్దనేవాడు.

ఒక శనివారం ఫిలేమోను దిగులు మొహంతో వచ్చాడు. చుట్టుపక్కల సంఘాలన్నీ కలిసి జరుపుకునే పెద్ద కూటాలు రెండు నెలల్లో ఉన్నాయి. అక్కడ వాక్యం చెప్పే పని మొదటిసారి అతనికి వచ్చింది. అంశం కూడా వాళ్ళే ఇచ్చారు, శ్రమలలో విశ్వాసి అని. నోటుపుస్తకంలో పన్నెండు పేజీలు రాసుకొచ్చాడు. శ్రమలు ఎందుకు వస్తాయో ఏడు కారణాలు, ఒక్కో కారణానికి మూడేసి బైబిలు వాక్యాలు. అంతా వరసలోనే ఉందట, కానీ చదువుతుంటే తనకే ఏమీ అనిపించడం లేదట. ఆ మాట చెప్పి, అయ్యగారి కాళ్ళ దగ్గర పుస్తకం తెరిచిపెట్టి అడిగాడు.

"అయ్యగారూ, శ్రమపడేవాళ్ళకి ఏం చెప్పాలి?"

అయ్యగారు పుస్తకం వైపు చూడలేదు. వసారా అవతలి కొసన సూసన్నమ్మగారు, ఆయన భార్య, చేటలో బియ్యం ఏరుతున్నారు. మన సంఘంలో గుప్పెడు బియ్యం సంగతి మీకు తెలుసు. అన్నానికి ఎసరు పెట్టినప్పుడల్లా మన ఆడవాళ్ళు దేవుని పేరిట ఒక గుప్పెడు తీసి పక్కన పెడతారు. వారం తిరిగేసరికి ఎవరి సంచి వాళ్ళు పంపుతారు. ఆ బియ్యం దిక్కులేని విధవరాళ్ళకు పోతుంది. ఏరి, కొలిచి, పంచే పని సూసన్నమ్మగారిది. అయ్యగారు లేచి వెళ్ళి ఆ చేటలోంచి నాలుగు రాళ్ళు, రెండు వడ్లగింజలు తెచ్చి ఫిలేమోను అరచేతిలో పెట్టారు. ఎర్రదారంతో పేరు కుట్టిన సంచి ఒకటి చూపించారు. అది దీవెనమ్మది. పదిహేనేళ్ళుగా ఆ సంచిలో ఒక్క రాయి చూసిన పాపాన పోలేదని సూసన్నమ్మగారు అన్నారు. తన ఇంటి బియ్యమైనా అలాగే వండుకుంటుందేమో గానీ, దేవుని బియ్యం ఏరకుండా పంపే మనిషి కాదు. అలాంటిది అయిదు వారాలుగా రాళ్ళు వస్తున్నాయి. సంచి వస్తోంది, మనిషి రావడం లేదు.

ఫిలేమోను తేలిగ్గా నవ్వాడు. దీవెనమ్మక్క ఇంట్లో ఇప్పుడు పండగ అయ్యగారూ, పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా ఆ ఇంట్లో పాటలే, వీధి వీధంతా వింటోంది అన్నాడు. అతనలా అనడానికి కారణం ఉంది. దీవెనమ్మ పెనిమిటి యేసోబు ఇరవై ఏళ్ళు పలకలు కోసే మిషను దగ్గర పనిచేశాడు. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, మూడు మాటలాడితే దగ్గు. అంతకు రెండు నెలల ముందు జరిగిన స్వస్థత కూటంలో ఫిలేమోను అతని మీద చేతులుంచి ప్రార్థన చేశాడు. పాట ఊపులో ఉంది, జనం చేతులెత్తి ఉన్నారు, కుర్రవాడి గుండె నిండిపోయింది. ఈ క్షణమే ఈ సహోదరుడు బాగుపడ్డాడని ప్రకటించేశాడు. యేసోబు కూడా ఆ ఊపులో రెండుసార్లు నిండుగా ఊపిరి పీల్చాడు. వెంటనే దీవెనమ్మ చేతికి మైకిచ్చి సాక్ష్యం చెప్పమన్నారు. పెనిమిటి బాగయ్యాడని ఆమె ఏడుస్తూ చెప్పింది. ఆ వీడియో ఎన్ని ఊళ్ళు తిరిగిందో మీకు తెలుసు. మనమందరం హల్లెలూయ అన్నాం. నేనూ అన్నాను.

అయ్యగారు కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "నడుద్దాం పద" అన్నారు.

మంచి ఎండ వేళ. దీవెనమ్మ ఇంటి తలుపు మూసి ఉంది, కిటికీ రెక్కలు కూడా మూసి ఉన్నాయి. లోపల ఫోన్లో పాట గట్టిగా మోగుతోంది. పక్కింటి అరుగు మీద కూర్చున్న మంగమ్మ, మన సంఘం మనిషి కాదు, వీళ్ళను చూసి అందుకుంది. "గట్టిగా కొట్టండి అయ్యగారూ. వాళ్ళు పరలోకానికి పోయి అయిదు వారాలైంది. మా బోటివాళ్ళం పిలిస్తే పలకరు." అయ్యగారు నవ్వి తలుపు తట్టారు. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది. దీవెనమ్మ మొహం కనబడింది. జుట్టు రేగిపోయి ఉంది, కళ్ళు గుంటలు పడ్డాయి. బాగున్నాం అయ్యగారూ, దేవుని కృప అంది. మళ్ళీ అదే అంది. ఇంతలో ఫోన్లో పాట అయిపోయింది. ఇంకో పాట మొదలవడానికి మధ్యన చిన్న ఖాళీ ఉంటుంది చూడండి, ఆ ఖాళీలో లోపలి నుంచి దగ్గు వినిపించింది. మామూలు దగ్గు కాదు. దిండులో మొహం పెట్టి అణిచిపెట్టుకున్న దగ్గు.

దీవెనమ్మ తల దించుకుని పక్కకు తప్పుకుంది.

లోపల నులకమంచం అంచున యేసోబు కాళ్ళు కిందికి వేలాడేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో దిండు, దిండులో మొహం. చొక్కా లేదు, పక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. ఫిలేమోను గుమ్మంలోనే నిలబడిపోయాడు. దీవెనమ్మ పెద్దయ్యగారితో మాట్లాడలేదు. ఫిలేమోను ఎదుట నిలబడి చేతులు జోడించింది.

"మన్నించండి అయ్యగారూ. మా విశ్వాసం చాల్లేదు. మీ నోట వచ్చిన మాట పోకూడదని తలుపేసుకున్నాం."

తర్వాత సంగతంతా ఆమె మెల్లిగా, ముక్కలు ముక్కలుగా చెప్పింది. కూటం అయిన మూడో వారానికే దగ్గు మళ్ళీ వచ్చిందట, ఈసారి ఇంకా ఎక్కువగా. టౌనుకు ఆస్పత్రికి పోదామంటే బస్సులో ఎవరో ఒకరు చూసి, బాగుపడ్డావు కదా మళ్ళీ ఆస్పత్రి ఏమిటని అడుగుతారు. అందుకని పోలేదు. దగ్గు వీధిలోకి వినబడకూడదని అతను దిండు పట్టుకున్నాడు, ఆమె పాట పెట్టింది. మైకు పట్టుకుని దేవుని మందిరంలో అబద్ధం చెప్పిన ఆడదాన్ని, ఇంక ఆ మందిరంలో ఎలా కూర్చోను అనుకుందట. బియ్యం మాత్రం పంపుతున్నానయ్యగారూ, బియ్యానికి నోరు లేదు కదా, సాక్ష్యం చెప్పమని దాన్నెవరూ అడగరు అంది.

ఫిలేమోను ఏదో చెప్పబోయాడు. అయ్యగారు అతని మణికట్టు మీద చెయ్యి వేశారు. ఈలోగా దీవెనమ్మ మర్యాద మర్చిపోలేదు. మూల నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దులిపి, మీద తెల్ల తువాలు పరిచింది. అయ్యగారు దాని వైపు పోలేదు. యేసోబు ముందు వంగి, నిద్ర ఎలా పడుతోందని అడిగారు. అతను ఊపిరి కూడదీసుకుంటూ, పడటం లేదయ్యగారూ, కూర్చోవడమే అన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడదు. మరి గోడకు ఆనుకుంటే? దానికి దీవెనమ్మ జవాబు చెప్పింది. గోడ కదలదయ్యగారూ. దగ్గొస్తే మనిషి ముందుకు పోతాడు, మళ్ళీ వెనక్కి పడితే గోడ కొడుతుంది. అందుకని తనే అతని వెనకాల కూర్చుని వీపుకు వీపు ఆనిస్తుందట. అతను వంగితే ఆమె వీపు వెంట వస్తుంది, వాలితే ఆపుతుంది. అట్లా అయితే గంటో అరగంటో కన్ను మూస్తాడు. ఎన్నాళ్ళుగా అని అయ్యగారు అడిగితే, అయిదు వారాలుగా అంది. బియ్యం ఎందుకు ఏరలేదో ఫిలేమోనుకు అప్పుడు అర్థమైంది. రాళ్ళు ఇంకా అతని గుప్పిట్లోనే ఉన్నాయి.

అయ్యగారు భుజం మీది కండువా తీసి ఆ కుర్చీ మీద వేశారు. చెప్పులు విడిచారు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులు, మెల్లిగా మంచం ఎక్కి యేసోబు వెనకాల కూర్చుని, తన వీపు అతని వీపుకు ఆనించారు. దీవెనమ్మ కంగారుపడిపోయింది. మీరు లేవండి అయ్యగారూ, మాకు పాపం చుట్టుకుంటుంది అంది. ఆయన కళ్ళు మూసుకునే జవాబు చెప్పారు.

"ఆరాధన మొదలైందమ్మా. మధ్యలో లేపకు. నువ్వు పోయి పడుకో."

ఆమెకు నవ్వొచ్చింది, నవ్వు వెంటనే ఏడుపొచ్చింది. వంటగదిలోకి పోయి కొంగు పరుచుకుని ఒరిగింది. అంతే, నిద్రలోకి జారిపోయింది. ఫోన్లో పాట ఆపేవాళ్ళు లేరు. ఫిలేమోను వెళ్ళి తనే ఆపాడు. ఆ ఇంట్లో అయిదు వారాల తర్వాత మొదటిసారి దగ్గు దగ్గులా వినబడింది.

అరగంట గడిచేసరికి అయ్యగారి కాళ్ళు తిమ్మిరెక్కాయి. ఫిలేమోనును కళ్ళతోనే పిలిచారు. ఆయన జరిగి ఒక పక్కకు దిగుతుంటే కుర్రవాడు ఆ చోటులోకి వచ్చి కూర్చున్నాడు. వీపుకు వీపు తగలగానే అతనికి ప్రార్థన చెయ్యాలనిపించింది. అతనికి తెలిసిన ప్రార్థన గొంతెత్తి చేసేదే. ప్రభువా అన్నాడో లేదో, యేసోబు ఉలిక్కిపడి లేచి దగ్గసాగాడు. వీపుకు వీపు ఆనించి ఉన్నప్పుడు ఒకరు మాట్లాడితే రెండోవాడి ఛాతీ అదురుతుందని మీకు తెలుసా? నాకు తెలియదు. ఫిలేమోనుకు ఆ రోజే తెలిసింది. అయ్యగారు నోటి మీద వేలుంచారు. దగ్గు సర్దుకున్నాక యేసోబు మళ్ళీ వాలాడు. ఆపైన రెండున్నర గంటలు ఫిలేమోను ఒక్క మాట మాట్లాడలేదు. రెండు గంటలు నీళ్ళు తాగకుండా వాక్యం చెప్పగలిగిన మనిషి, రెండున్నర గంటలు నోరు తెరవకుండా కూర్చున్నాడు. అతని వీపుకు అవతలి మనిషి ఎముకలు తగిలాయి. పలక మీద రంపం నడిచినట్టు, లోపలికి పోయే ప్రతి ఊపిరీ అతని వెన్నులో వినబడింది. అవతలి చెమట అతని చొక్కాలోకి దిగింది. దగ్గు వచ్చినప్పుడల్లా అతనూ వెంట కదిలాడు. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోవడానికి చెయ్యెత్తలేదు, కదిలితే లేస్తాడని. పెద్దయ్యగారు నేల మీద కూర్చుని, దీవెనమ్మ బియ్యం డబ్బా ముందేసుకుని, చేటలో రాళ్ళు ఏరుతూ ఉండిపోయారు.

పొద్దు వాలాక ముందు లేచింది దీవెనమ్మ. అంతసేపు నిద్రపోయానా అని బెదిరిపోతూ వచ్చింది. ఆ చప్పుడుకు యేసోబు కళ్ళు తెరిచాడు. వెనక ఎవరున్నారో వీపుతోనే తెలుసుకున్నాడు. చిన్నయ్యగారి వీపు మెత్తగా ఉంది, పెద్దయ్యగారిది వట్టి ఎముకల గూడు అన్నాడు. ఆ ఇంట్లో నవ్వు వినబడి అరుగు మీది మంగమ్మ తొంగిచూసింది.

మర్నాడు ఆదివారం. ఫిలేమోను కీబోర్డు ఆపమన్నాడు. లైవ్ మాత్రం ఆపవద్దన్నాడు, ఆ సాక్ష్యం ఎంత దూరం పోయిందో ఈ మాటా అంత దూరం పోవాలని. "దీవెనమ్మక్క అబద్ధం చెప్పలేదు. నా తొందర ఆమె నోట్లో పెట్టాను. మన్నించమని నిన్న ఆమె నన్నడిగింది, అడగాల్సింది నేను" అన్నాడు. దేవుడు చెయ్యలేడని తను అనడం లేదని, దేవుడు చెప్పకముందే తను చెప్పానని అన్నాడు. తర్వాత, యేసోబన్న ఇంక దిండు పక్కన పెట్టి గట్టిగా దగ్గవచ్చని, అతనికి ఆనుకోవడానికి వీపులు కావాలని అడిగాడు. ఇద్దరు పెద్దలు లేచి బయటికి పోయారు. పరువు తీశాడని ఒకరు, కుర్రవాడికి విశ్వాసం సన్నగిల్లిందని ఇంకొకరు అన్నారు. నిజం చెబుతున్నాను, ఆ పూట చెయ్యెత్తిన మగవాళ్ళు నలుగురే. అయిదోవాణ్ణి మంగమ్మ తోలింది. ఆ పాటలకి చెవులు చిల్లులు పడ్డాయి, ఇప్పుడు దగ్గు వింటే కడుపు తరుక్కుపోతోంది, పోయి కూర్చో అని తన పెనిమిటిని పంపింది. వారం తిరిగేసరికి పదిహేనుమంది అయ్యారు. లేచి పోయిన పెద్దల్లో ఒకరు కూడా వచ్చి కూర్చున్నారు. ఎవరో చెప్పను, ఆయన ఇక్కడే ఉన్నారు.

సోమవారం ఫిలేమోను ఆటోలో వాళ్ళను టౌను ఆస్పత్రికి తీసుకుపోయాడు. లోపల దుమ్ము గట్టిపడిపోయింది, బాధ తగ్గడానికి మందులివ్వగలం, అంతకంటే ఏమీ లేదు అన్నారు డాక్టరుగారు. తిరిగొచ్చాక ఆ ఇంటి తలుపు మళ్ళీ మూయలేదు. ఫిలేమోను రోజూ వచ్చి తన వంతు కూర్చునేవాడు. స్వస్థత కోసం ప్రార్థన మానలేదు. ప్రకటించడం మానాడు. దీవెనమ్మ రెండో ఆదివారానికి గుడికొచ్చింది. ఆ వారం ఆమె సంచిలో సూసన్నమ్మగారు వెతికి వెతికి చూశారట, ఒక్క రాయి లేదు.

అట్లా ఏడు వారాలు గడిచాయి. ఒక గురువారం పొద్దున వంతు ఫిలేమోనుది. దీవెనమ్మ గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతోంది. యేసోబుకు ఆ పొద్దున దగ్గు తక్కువగా ఉంది. కాసేపటికి పూర్తిగా ఆగింది. వీపు మీద బరువు నిండుగా, నెమ్మదిగా వాలింది. చాలా రోజుల తర్వాత మంచి నిద్ర పట్టిందని ఫిలేమోను సంతోషించాడు. లేస్తాడేమోనని ఊపిరి కూడా మెల్లిగా పీల్చాడు. ఎంతసేపు అట్లా కూర్చున్నాడో అతనికే తెలియదు. దీవెనమ్మ చేట పక్కన పెట్టి లోపలికొచ్చింది, పెనిమిటి మొహం చూసింది, అతని పెదవుల దగ్గర చెయ్యి పెట్టి చూసింది. తర్వాత మంచం చుట్టూ తిరిగి ఫిలేమోను ముందుకొచ్చి, అతని తల మీద చెయ్యి వేసింది. అప్పటిదాకా అతన్ని అయ్యగారూ అని తప్ప పిలవని మనిషి.

"ఇంక మాట్లాడొచ్చు తమ్ముడూ" అంది.

భూస్థాపన అయిన ఎనిమిదో రోజున పెద్ద కూటాలు మొదలవ్వాలి. ముందురోజు ఫిలేమోను వర్ధనం అయ్యగారి వసారాకు వచ్చి, అలవాటు ప్రకారం కింద కూర్చున్నాడు. చేతిలో అదే నోటుపుస్తకం, కానీ ఆ పన్నెండు పేజీలు లేవు. చింపేశానన్నాడు, ఇప్పుడు ఒక్క ముక్క కూడా రాయడం రావడం లేదన్నాడు. ఆ శనివారం అడిగిన ప్రశ్నకు మీరు జవాబు చెప్పనే లేదు అయ్యగారూ, రేపు వేలమంది ముందు నిలబడాలి, నేనేం చెప్పను అని అడిగాడు. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. నడుద్దాం అంటారని ఫిలేమోను లేవబోయి, నడుం పట్టుకుని మళ్ళీ కూర్చుండిపోయాడు. అన్ని వారాలు మంచం మీద నిటారుగా కూర్చున్న నడుం అది.

"నొప్పి ఇంకా ఉందా?" అని అడిగారు అయ్యగారు.

"ఉందయ్యగారూ."

"అయితే అది తగ్గకముందే పోయి చెప్పు."

ఇంతే సంగతి. ఆ కూటాల్లో ఫిలేమోను ఏం చెప్పాడో నేను మీకు చెప్పను, అది మీరు గుర్తుపెట్టుకోనవసరం లేదు. గుర్తుపెట్టుకోవలసింది ఒక్కటే, ముసలాయన మంచం ఎక్కి వీపు ఆనించిన ఆ మధ్యాహ్నం. మీ వీధిలోనూ పట్టపగలు తలుపులు మూసుకున్న ఇల్లొకటి ఉండే ఉంటుంది. ఈ వారం ఒకసారి ఆ తలుపు తట్టండి. లోపలికి రమ్మంటారు. తువాలు పరిచి కుర్చీ వేస్తారు. దాంట్లో కూర్చోకండి.